రెండు మీటలు

సాక్ష్యాలు మొదలయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటింది.
ఆస్టిన్‌లో కాపిటల్ భవనం కింద
నేల తొలిచి కట్టిన గదులు. కిటికీలుండవు.
పైన గులాబి గ్రానైటు మీద వాన పడుతోందో లేదో
వచ్చినవాళ్ళ గొడుగులు చూసి పోల్చుకోవాలి.

నా పని రాయడం. వినడం కూడా కాదు,
వినపడ్డదాన్ని వేళ్ళలోంచి పోనివ్వడం.
ఇరవై రెండేళ్ళుగా నా స్టెనో మిషన్లో
ఈ రాష్ట్రపు పెద్ద కోర్టులకి రెండు గుర్తులు:
ఎడమచేతి మూడు వేళ్ళు ఒక్కసారి నొక్కితే సివిలుది,
బొటనవేలు కూడా చేరితే క్రిమినలుది.
ఇవాళ్టి బిల్లు గెలిస్తే
బొటనవేలికి కాస్త పని తగ్గుతుంది. నాకు అంతే.

ఇక్కడ తొమ్మిదిమంది, అక్కడ తొమ్మిదిమంది.
కలిపితే తొమ్మిదిమందేనంటుంది బిల్లు.
ఈ కూడిక ఒంటపట్టనివాళ్ళు
వరుసకట్టి మైకు దగ్గరికొచ్చారు.
మనిషికి మూడు నిమిషాలు,
పచ్చ దీపం, పసుపు దీపం, ఎర్ర దీపం.

రొసాల్బా కింటనీయా. ఒడెస్సా నుంచి
ఆరు గంటలు తనే బండి నడుపుకుంటూ వచ్చింది.
మొగుడు లియాండ్రో. చమురు బావులకి ఇసుక మోసే లారీ
తెల్లవారుజామున గీత దాటొచ్చి అతని పికప్‌ని
ఆ వాక్యం ఆమె పూర్తి చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

"డ్రైవరు నిద్రపోయాడన్నారు, జైలుకి పంపారు.
పై కోర్టు, నేరాలది,
నిద్రపోయాడనడానికి రుజువు చాలదంది. వదిలేసింది.
సరే అనుకున్నాను.
పంతొమ్మిది గంటలు ఆపకుండా తిప్పారని
కంపెనీ మీద దావా వేశాను.
ఇంకో పై కోర్టు, డబ్బులది,
అతను నిద్రపోయాడు, అది అతని సొంత తప్పు,
కంపెనీకి అంటదు అంది.
రెండుసార్లూ ఇదే ఊరొచ్చాను. అదే గుమ్మం.
నా సంచీ వెతికింది అదే గార్డు.
రెండోసారి పేరు పెట్టి పలకరించాడు.
ఆ బిల్డింగులో నన్ను రెండుసార్లు చూసింది
అతనొక్కడే."

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇక్కడ ఒరలు రెండు,
తెగింది మాత్రం ఒకే మెడ.

తర్వాత హొరేస్ థ్రెల్‌కెల్డ్, చేతికర్ర ఆనించి.
ముప్పై ఏళ్ళుగా మరణశిక్ష పడ్డవాళ్ళ వకీలు.
"అమ్మా, కోర్టులు కలిసినా తక్కెళ్ళు కలవవు.
మనిషిని బంధించడానికి తూచేది వేరు,
డబ్బిప్పించడానికి తూచేది వేరు.
ఒకే జడ్జి తూచినా మీకు ఇదే వచ్చేదేమో.
పోతే, పైపులైను కంపెనీల కట్టల కింద
నా ఖైదీ పెన్సిల్తో రాసుకున్న ఉత్తరం
ఎన్నాళ్ళు నలుగుతుందో అది నేను చూడలేను."

నిజమే. ఆ ఉత్తరాలు కొన్ని నేనూ చూశాను,
అక్షరాలు గీత మీద నిలబడవు.

తనకి మిగిలిన నిమిషం ఆమెకిచ్చి కూర్చున్నాడాయన.
ఆమె లేచింది.
"తక్కెళ్ళు రెండుండనివ్వండి అయ్యా.
తూచేవాడు ఒకడైతే
నిన్న ఏమన్నాడో వాడికి గుర్తుంటుంది కదా.
సిగ్గయినా పడతాడు కదా."

ఎర్ర దీపం. చైర్మన్ థాంక్యూ అన్నాడు.
మైకు కట్టేశాక, సంచీ సర్దుకుంటూ
ఎవర్నీ చూడకుండా అడిగింది:
"ఇంతకీ నిద్రపోయాడా, లేదా?"
రికార్డులోకి రాని మాట. అయినా నొక్కాను.
దాని కింద, అలవాటుగా: సమాధానం వినపడలేదు.

బిల్లు పెండింగులో పెట్టారు. పన్నెండున్నర.

జారెల్ దాకా నలభై మైళ్ళు.
తెల్ల గీత, తెల్ల గీత, తెల్ల గీత,
ఆ తర్వాతది నేను చూడలేదు.
చక్రాల కింద రోడ్డంచు గరగరమంది.
నిద్రపోయానా?
చెయ్యెత్తి ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను.

పెట్రోలు బంకు పక్కన ఆపి, సీటు వెనక్కి వాల్చి
ఇరవై నిమిషాలకి అలారం పెట్టాను.
లైట్లార్పాక కూడా స్టీరింగు మీద
నా వేళ్ళు కదులుతూనే ఉన్నాయి,
ముందు మూడు, తర్వాత బొటనవేలు.